నూకాలు మామ్మ మూడు వేళ్ళు

ఏటికి ఇంకా ఎవరూ పేరు పెట్టని రోజుల్లో, ఆ ఏటి నడుమ ఒక లంక ఉండేదట. లంకలో నలభై గడపలు. ఏటా శ్రావణంలో ఏరు ఆ నలభై గడపలూ దాటి లోపలికి వచ్చేది. అందుకని అక్కడ ఒక కట్టుబాటు. అయిదేళ్ళు నిండిన ప్రతి బిడ్డకూ వరద రాకముందే ఈత వచ్చి తీరాలి.

ఈత నేర్పేది పడవ నడిపే పోలయ్య. పిల్లల్ని నీళ్ళకు సిద్ధం చేసేది నూకాలు మామ్మ. ఆమెకు ఉన్నది ఒక పాక, పాక మీద ఒక ఆనపపాదు. ముదిరిన కాయల్ని ఎండబెట్టి, పిల్లలు తేలడానికి బుర్రలు చేసేది. తనకు మాత్రం ఈత రాదు. మోకాళ్ళు దాటి ఎన్నడూ నీళ్ళలో దిగలేదు.

ప్రతి బిడ్డకూ ఆమె మూడు పనులు చేసేది. బుర్రను నీళ్ళలో అదిమి, బుడగలు వస్తున్నాయేమో చూసేది. జనపతాడును బాగా నానబెట్టేది. ఆ తడి తాడుతో బుర్రను వీపున కట్టి, తాడుకూ రొమ్ముకూ మధ్య తన మూడు వేళ్ళు దూర్చేది. దూరకపోతే విప్పి మళ్ళీ కట్టేది. అప్పుడు అడిగేది.

"ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోంది మామ్మా!" అని గట్టిగా అనాలి. అనకపోతే వదిలేది కాదు.

"నీ ముస్తాబు అయ్యేసరికి ఏరు ఎండిపోద్దే మామ్మా," అనేవాడు పోలయ్య.

"ఎండిపోతే మరీ మంచిది. ఎవరూ మునగరు," అనేది మామ్మ.

ఒక ఏడు జ్యేష్ఠంలోనే ఎర్రనీరు వచ్చింది. మామ్మ ఒడ్డున ఒక పుల్ల గుచ్చింది. తెల్లారేసరికి మునిగింది. కాస్త పైన రెండోది గుచ్చింది. అదీ మునిగింది. మూడో పుల్ల గుచ్చిన ఉదయానికి ఈత రాని పిల్లలు ఇంకా తొమ్మిదిమంది. ఏరు పోటెత్తుతోంది. రేవు పక్క మడుగు ఒక్కటే ఇంకా నిలకడగా ఉంది. అదీ ఆ ఒక్క పూటే.

ఆ తొమ్మిదిమందిలో చిన్నది పోలయ్య కూతురు బంగారి. మామ్మ ఎదుట పిల్లలు వరసలో ఉన్నారు. పోలయ్య ఆగలేకపోయాడు.

"నా కూతురికి నేను కట్టుకోలేనా?"

బుర్ర జారిపోతుందేమోనని అతని భయం. పొడి తాడు తీసుకుని, బలం కొద్దీ బిగించి ముడేశాడు. పొడి జనపతాడు తడిస్తే ఇంకా బిగుస్తుంది. ఆ సంగతి అతనికి తెలుసు. ఆ బిగువును నమ్ముకునే రోజూ పడవ కట్టేవాడు. పడవను కట్టినట్టే కూతుర్నీ కట్టాడు.

మడుగులో పిల్లలు కేకలు పెడుతున్నారు. నీళ్ళు మింగి ఏడుస్తున్నారు. బంగారి మాత్రం వెల్లకిలా, కదలకుండా తేలుతోంది.

"చూడండి, ఎంత బుద్ధిగా ఉందో!" అన్నాడు పోలయ్య మడుగు అవతలి గట్టు నుంచి.

మామ్మ ఒడ్డున నిలబడి అడిగింది. "బంగారీ, ఊపిరి ఆడుతోందా?"

జవాబు లేదు.

"బంగారీ, ఊపిరి ఆడుతోందా?"

"తేలుతోందిగా మామ్మా, ఇంకేం కావాలి?" అన్నాడు పోలయ్య.

"ఊపిరి ఆడుతోందా?"

జవాబు లేదు. మామ్మ నీళ్ళలో దిగింది. మోకాళ్ళు మునిగాయి. నడుము మునిగింది. రొమ్ము మునిగింది. మోకాళ్ళు దాటి ఎన్నడూ దిగని మనిషి గొంతు లోతుకు పోతుంటే పోలయ్య నవ్వు ఆగిపోయింది. ఒక్క దూకు దూకి కూతుర్ని ఒక చేత, మామ్మను ఒక చేత ఒడ్డుకు లాగాడు.

ముడి అతని వేళ్ళకు లొంగలేదు. పళ్ళకూ లొంగలేదు. మామ్మ బొడ్డులో ఆనపతీగెలు కోసే చిన్న కత్తి దోపుకుని ఉంది. దానితో తాడు తెంపింది. బంగారి పెదాలు నల్లబడి ఉన్నాయి. ఒకసారి వీపు చరిచారు. రెండోసారి చరిచారు. మూడోసారికి పిల్ల ఊపిరి లాగి, లంకంతా వినబడేలా ఏడ్చింది.

పోలయ్య ఇంకో తాడు తీసి నీళ్ళలో నానబెట్టాడు.

ఆ ఏడు లంకలో ఎవరూ మునగలేదు. మామ్మ కూడా ఏటిలో పోలేదు. మాఘంలో చలిజ్వరం వచ్చి, మూడు రోజులు మంచం మీద ఉండి పోయింది.

మళ్ళీ జ్యేష్ఠం వచ్చింది. పోలయ్య బుర్రలు అదిమి చూశాడు. తాళ్ళు నానబెట్టాడు. మూడు వేళ్ళూ దూర్చాడు. అయినా ఏ తల్లీ బిడ్డ చెయ్యి వదల్లేదు. పిల్లలూ కదల్లేదు. ఏదో మిగిలిపోయిందని అందరికీ తెలుసు.

అప్పుడు బంగారి ముందుకు వచ్చింది. వరసలో మొదటి పిల్లాడు దానికంటే జానెడు పొడుగు. వాడి మొహంలోకి చూసి అడిగింది.

"ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోంది మామ్మా!" అన్నాడు వాడు. ఒక్కరూ నవ్వలేదు. వాడి తల్లి చెయ్యి వదిలింది.

ఇప్పటికీ ఆ లంకలో పాదుకు కాసిన మొదటి ఆనపకాయను కూర వండరు, బుర్రకు వదిలేస్తారు. ఇప్పటికీ తాడు తడిపి కడతారు, మూడు వేళ్ళు దూర్చి చూస్తారు. ఆ మాట అడిగేది ఒకప్పుడు తండ్రి, ఒకప్పుడు పొరుగింటి పిల్ల. ఎవరు అడిగినా, నీళ్ళ ముందు వణుకుతూ నిలబడ్డ బిడ్డ చెప్పే జవాబు మాత్రం ఒకటే.

"ఆడుతోంది మామ్మా!"