కుక్కల దడికి రాజుగారి తనిఖీ

పేరు చెబితే అక్కడివాళ్లకు ఇప్పటికీ రోషం వస్తుంది కాబట్టి, ఒకానొక రాజ్యం అనుకుందాం. దాన్ని ఉత్తుంగసేన మహారాజు ఏలేవాడు. ఆ వంశంలో నడుం వంచడం నిషిద్ధం. తాతగారు వంగలేదు, తండ్రిగారు వంగలేదు. ఈయనగారి చెప్పు జారితే ఆ చెప్పే పైకి వచ్చి కాలికి తొడుక్కోవాలి. మహామంత్రి ధీరభట్టు కూడా రాజుగారి ముందు తప్ప ఇంకెక్కడా వంగేవాడు కాదు. అక్కడ మాత్రం రోజంతా వంగే ఉండేవాడు.

రాజుగారికి పన్నెండు వేటకుక్కలుండేవి. వాటికి పాలు పట్టి, పిడుదులు ఏరి, కూనలప్పటి నుంచీ సాకినవాడు ఓబన్న. ఆ కుక్కలు ఒకనాడు పెరటి దడి దాటి ఊరిమీద పడ్డాయి. మంత్రిగారు పల్లకీలో వచ్చి, దడి పొట్టిగా ఉందని తేల్చి, నిలువెత్తు వెదురు దడి కట్టించాడు. కుక్కలు మళ్లీ పోయాయి. ఈసారి రెండు నిలువులు లేపించాడు. మూడోసారికి మూడు నిలువులు, పైన వరసగా ఇత్తడి కలశాలు.

కుక్కలకు కలశాలు చూసే తీరిక లేదు. అవి కింద మన్ను తవ్వుకుని హాయిగా పోయేవి. ఓబన్న ఆ సంగతి మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు. కానీ కింద చూడాలంటే వంగాలి, వంగితే మంత్రిగారి హోదా ఏం కాను? పల్లకీలోంచి దడి పైభాగం దివ్యంగా కనిపించేది, ఆయనకు అది చాలు.

నాలుగోసారి కుక్కలు పోయి పొరుగు దేశపు రాయబారి పంచె లాగేశాయి. దడిలో లోపం లేదు కాబట్టి ఓబన్నే తలుపు తీసి వదులుతున్నాడని మంత్రి నిండు సభలో తేల్చేశాడు. రాజుగారికి అది సబబుగానే తోచింది. ఇంకొక్క కుక్క బయటపడితే ఓబన్నను పొలిమేర దాటించమన్నాడు.

ఓబన్నకు గంజి ఎక్కడైనా దొరుకుతుంది, ఆ బెంగ లేదు. తన చేతిలో పెరిగిన పన్నెండు ప్రాణాలను ఈ కలశాలవాళ్లకు వదిలి ఎలా పోవడం? ముందు ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. ఏలినవారు ఒక్కసారి స్వయంగా దడి చూసి, ఆ తరవాత తనను తరిమెయ్యమని వేడుకున్నాడు.

"మంత్రి చూశాడు కదరా," అన్నాడు రాజు.

"మంత్రిగారు పైన చూశారు దొరా. కుక్క కింద చూస్తుంది."

"ప్రభువులనే వంగమంటావా?" అని మంత్రి మండిపడ్డాడు.

"ఎంతమాట. ప్రభువులు నిటారుగానే ఉంటారు. నాకు రెండు రోజుల గడువు, ఒక పార ఇప్పించండి."

ఎల్లకాలం కట్టేస్తే వేటకుక్కలు పరుగు మరిచిపోతాయి గానీ, రెండు రోజులకు ఫరవాలేదని ఓబన్న వాటికి గొలుసులు వేసి పనిలో దిగాడు. మూడోనాడు రాజుగారు వచ్చేసరికి దడి బయట గొయ్యి సిద్ధంగా ఉంది. దిగడానికి మెట్లు, మెట్లకు మామిడాకు తోరణాలు, అడుగున తివాచీ. ఓబన్న కుక్కల గొలుసులు విప్పి బయటికి వచ్చి, తలుపుకు తాళం వేసి, తాళంచెవిని మంత్రిగారి చేతిలో పెట్టాడు.

రాజుగారు బిగదీసుకుని మెట్లు దిగి నిలబడ్డాడు. నడుం అణువంత కూడా వంగలేదు, కళ్లు మాత్రం సరిగ్గా నేలమట్టానికి వచ్చాయి. ఆ వంశంలో నేలను అంత దగ్గరగా చూసిన మొదటి ప్రభువు ఆయనే.

చూస్తే ఏముంది, దడి కింద బారుగా బొరియలు. వెదుళ్ల మొదళ్లను చెదలు తినేశాయి. వానకు మన్ను కొట్టుకుపోయి లోపలి పెరడంతా కనిపిస్తోంది. మూడు నిలువుల దడి ఆకాశం పారిపోకుండా కాపలా కాస్తోంది.

ఓబన్న ఈల వేశాడు. పెద్ద ఆడకుక్క బొరియలోంచి మూతి బయటపెట్టి, ఎదురుగా రాజుగారి మొహం కనపడేసరికి మీసాలతో సహా ఆప్యాయంగా నాకింది. దాని వెనకే మిగతా పదకొండూ కిరీటం పక్కనుంచి దూకి ఓబన్న కాళ్లచుట్టూ చేరాయి.

"బయటపడ్డాయి ప్రభూ. ఆజ్ఞ ప్రకారం వీణ్ణి పొలిమేర దాటించాలి," అన్నాడు మంత్రి గట్టుమీంచి.

రాజు మీసం తుడుచుకున్నాడు. "తాళంచెవి నీ చేతిలోనే ఉంది కదయ్యా," అన్నాడు.

అప్పుడు ఓబన్న చెప్పాడు. దడి నిలువెత్తు చాలు, మొదళ్లు మూరెడు లోతు పాతి అడుగున రాళ్లు పేర్చాలి. వాన వెలిసినప్పుడల్లా చుట్టూ తిరిగి, వదులైన కట్లు బిగించి మన్ను కప్పాలి. అంతే.

"ఇంత చిన్న సంగతి నా దాకా ఎందుకు రాలేదురా?"

"నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను దొరా. నా మాట కూడా కిందనుంచే వచ్చింది."

రాజుగారు గొయ్యి దద్దరిల్లేలా నవ్వాడు. అక్కడే తన చేతి కంకణం తీసి ఓబన్నకు తొడిగి, పెరటి మీద పెత్తనమంతా అతనికే ఇచ్చాడు. ఆ గొయ్యి పూడ్చవద్దనీ, ఇకమీదట జనం మొరలను మంత్రిగారు అందులో నిలబడి వినాలనీ ఆజ్ఞ వేశాడు.