విసుర్రాయి కింద జొన్నలు

కోట నుంచి తిరిగొచ్చిన దస్తగిరికి గుటక దిగడం లేదు. దర్గా అరుగు మీద కూర్చుని ఎదురుగా ఉన్న గంజి ముంతను చూస్తూ ఉండిపోయాడు. దొర కప్పిన శాలువా ఒంటిమీద అలాగే ఉంది.

గురువు బుర్హాన్ బాబా వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏం నాయనా?" అన్నాడు.

"నేను నిజమే చెప్పాను బాబా," అన్నాడు దస్తగిరి. ఆపైన ఏడ్చేశాడు.

ఏడవడా మరి! ఆ సీమలో వాన మొగం చాటేసి ఏళ్ళు గడిచాయి. జనం ఎలా బతుకుతున్నారో కనుక్కుని రమ్మన్నాడు దొర. "అది తెలిస్తే కదా, ఎక్కడ గంజి పోయించాలో తేలేది" అన్నాడు. మాట బంగారంలా ఉంది. ఆ పనికి దస్తగిరిని మించినవాడు లేడన్నారంతా. అదీ నిజమే. శిస్తుకొచ్చినవాడిలా గుమ్మంలో నిలబడి గద్దించే రకం కాదతడు. లోపలికొచ్చి కూర్చుంటాడు. ఇంటామెతో కలిసి విసుర్రాయి తిప్పుతాడు. వాళ్ళు ఉడకేసుకున్న ఆకే తనూ తింటాడు. అలాంటివాడి దగ్గర నోరు విప్పనివాళ్ళు ఎవరుంటారు?

ఆ సంగతి దస్తగిరికీ తెలుసు. కాస్త గర్వం కూడా ఉండేది, పాపం.

బయల్దేరేటప్పుడు బాబా ఒక్కటే అడిగాడు. "ఇదంతా దొరకెందుకో కనుక్కున్నావా?"

దస్తగిరి నవ్వేశాడు. "దొరను ఎదురు ప్రశ్న వేస్తే తల ఉంటుందా బాబా? అయినా మంచికే కదా అడుగుతున్నాడు!"



ఊరూరా తిరిగాడు దస్తగిరి. ఎవరు ఏ ఆకు దూసుకొస్తున్నారో, ఏ గడ్డ తవ్వుకొస్తున్నారో, ఎవరింట్లో ఎవరు పస్తుండి ఎవరికి పెడుతున్నారో, అన్నీ తెలుసుకున్నాడు. ఓబుళమ్మ అనే ముసలామె అయితే, ఎవరికీ చూపించనిది చూపించింది. విసుర్రాయి పక్కకు జరిపి, కింద పాతిపెట్టిన కుండ మూత తీసింది. కుండలో విత్తనపు జొన్నలు.

"పస్తన్నా ఉంటాం గాని వీటి మీద చెయ్యి వెయ్యం నాయనా. వాన పడినాక చల్లుకునేకి ఉండాల గదా. మా ఊర్లో అందరిండ్లలోనూ ఇంతే. మా కష్టం చూస్తివి. దొరకు నువ్వన్నా చెప్పు."

చెప్పాడు. కొలువులో నిలబడి ఒక్కటీ దాచకుండా చెప్పాడు. వాళ్ళ ఓర్పు చూసైనా దొర మనసు కరుగుతుందని, విసుర్రాళ్ళ కింద గింజల సంగతి కూడా చెప్పాడు. దొర కళ్ళు తుడుచుకున్నాడు. శాలువా కప్పించాడు.

అప్పుడు దివాను గొంతు సవరించుకున్నాడు. "బతికుంటే బలుసాకు తినొచ్చని పెద్దలు ఊరికే అన్నారా ప్రభూ? తింటూనే ఉన్నారు కదా! పైగా గింజలు దాచుకున్నారు. ఇక గంజెందుకు? రావలసిన శిస్తే వసూలు చేద్దాం."

దొర తలూపాడు. దస్తగిరి ఏదో అనబోయాడు గాని, అప్పటికే ఇంకెవరి విన్నపమో మొదలైపోయింది. కోట నుంచి నడిచి వస్తుంటే, దారిలో తనను దాటిపోయిన సిపాయిల గుర్రాలే మర్నాడు గింజల మూటలతో ఎదురయ్యాయి.

"వాళ్ళ కడుపు కొట్టాను బాబా. నా నోటితో నేనే కొట్టాను. ఇప్పుడేం చెయ్యను? మీరే చెప్పండి."

బాబా లేచి చేతికర్ర అందుకున్నాడు.

"ఎక్కడికి బాబా?"

"ఓబుళమ్మ ఇంటికి."

దస్తగిరి లేచాడు. శాలువా తీసి అరుగు మీద పెట్టబోయాడు.

"ఉండనీ," అన్నాడు బాబా. "సంపాదించుకున్నదే కదా."

ఇద్దరూ నడిచారు. ఊరు దగ్గరపడుతుంటే పడమర మబ్బు కమ్మింది, చల్లగాలి తిరిగింది. ఏళ్ళ తరబడి ఆ జనమంతా మొక్కుకున్న మబ్బు. వీధిలో ఒక్కరూ తలెత్తి చూడటం లేదు.

ఓబుళమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. లోపల విసుర్రాయి బోర్లా పడి ఉంది. దాని కింది గొయ్యి నోరు తెరుచుకుని ఉంది.

"వస్తివా నాయనా!" అంటూ జరిగి చోటిచ్చింది. బాబాకు దండం పెట్టింది. "చూడు, ఎంత పని చేసినారో. ఇల్లంతా వెదకలేదు. నేరుగా విసుర్రాయి కాడికే వచ్చినారు. ప్రతి ఇంట్లోనూ అంతే. ఎవడు చెప్పినాడో, వాని నోట్లో మన్ను పడ! వానొస్తాండాది. ఏం చల్లేది నాయనా మేము?"

దస్తగిరి తలొంచుకున్నాడు. ఆమె శాలువా అంచు పట్టుకుని చూసింది. ఆ ఎండిపోయిన మొహంలో కాస్త కళ వచ్చింది.

"దొర కప్పినాడా? మా నాయనే! అయితే నీ మాట ఆయన చెవిన పడినట్లే. మేం చెప్పిందంతా చెప్తివా?"

"చెప్పానవ్వా," అన్నాడు దస్తగిరి. "అంతా చెప్పాను."

"సల్లగుండు. ఈ సిపాయిల పని ఆ దొరకు తెలిసుండదులే." శాలువా అంచు వదిలింది. "నువ్వు ఊరూరా తిరిగేవానివి, పదిమందితో మాట్లాడేవానివి. విసుర్రాయి సంగతి వాళ్ళకెవరు చెప్పినారో నీకేమన్నా తెలుసునా నాయనా?"

గుమ్మం ముందు దుమ్ములో మొదటి చినుకులు పడ్డాయి.

దస్తగిరి బాబా వైపు తిరిగాడు. చిన్నపిల్లాడిలా చూశాడు.

బాబా మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన కళ్ళలోనూ నీళ్ళున్నాయి.

"అడిగింది నిన్ను," అన్నాడు.