బోర్డుకీ బోనుకీ తేడా రాకూడదు

తవిటయ్య ఇంట్లో ముగ్గురు మనుషులు. ముగ్గురివీ పాదరసం లాంటి బుర్రలు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకున్నారు. అంత తెలివికి దిష్టి తగులుతుందని పెళ్ళాం సన్నెమ్మ వారం వారం ముగ్గురికీ ఉప్పు తిప్పి పోస్తుంది. బావమరిది పేరు గురువులు; వాడైతే, తెలివి ఎక్కడ ఒలికిపోతుందోనని పడుకున్నా తలపాగా తియ్యడు.

ముగ్గురూ కొండవార ఉన్న అడవి జంతువుల పార్కులో కాపలా పని చేస్తారు. తవిటయ్యది ఏడేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగమే. ఆ రోజు పట్నం నుంచి పెద్దసారు వస్తున్నారు. పార్కు నచ్చితే పర్మనెంటు, నచ్చకపోతే ఇంటికి. పాపం, తవిటయ్య పొద్దున్నుంచీ గంజి కూడా తాగలేదు.

కిందటి నెలలో వీళ్ళు ఉడుము బోర్డు తెచ్చి కుందేళ్ళ బోనుకు తగిలించారు. అందుకని రేంజరుగారు మరీ మరీ చెప్పారు.

"బోర్డు మీద ఏముందో లోపల అదే ఉండాలి తవిటయ్యా. పిసరంత తేడా వచ్చినా పెద్దసారు ఊరుకోరు."

"మాకు సెప్పాలేటి బాబూ!" అన్నాడు తవిటయ్య.

అంతే. ముగ్గురూ బయలుదేరారు. మొదట దేవాంగపిల్లి బోను. అరచేతిలో పట్టేంత జంతువు, మొహమంతా కళ్ళే. గురువులు కూడబలుక్కుని బోర్డు చదివాడు. "పగలు నిద్రపోవును."

"ఇది పడుకుందో, దొంగ నిద్దరో?" అంది సన్నెమ్మ. అడిగితే తెలుస్తుంది కదా అని తవిటయ్య దాన్ని కుదిపి అడిగాడు. అది కళ్ళు తెరిచింది.

"సూసారా, పడుకోనేదు! నేను సూడబట్టి గానీ, కొంప మునిగిపోను!"

ఇంకేముంది, జోలపాట మొదలైంది. సన్నెమ్మ గొంతుకి పక్క బోనులో గుడ్లగూబ కూడా లేచి కూర్చుంది.

తరువాత నెమలి. బోర్డు మీది బొమ్మలో పింఛం విప్పి ఉంది, లోపలి నెమలి ముడుచుకుని ఉంది. "ఇలాగిప్పాలమ్మా" అని గురువులు దాని ముందు గొడుగు టప్పున విప్పాడు. అది బెదిరి, అరుచుకుంటూ బోనులో చిటారు కొమ్మ ఎక్కేసింది.

ఆ తరువాత దుప్పులు. బోర్డు మీద బొమ్మలు మూడు, కంచె లోపల పదకొండు!

"బావా, ఎనిమిది ఎక్కువున్నాయి!"

"ఉద్యోగం పోనాదిరా గురువులూ! తోలీ, తోలీ!"

అంతే, గేటు బార్లా తీసి ఎనిమిదింటిని బయటికి తోలారు. అవి నేరుగా రేంజరుగారి చిక్కుడు పాదుల్లోకి దిగాయి.

సరిగ్గా అప్పుడే పెద్దసారు జీపు దిగారు. రేంజరుగారు కర్ర పట్టుకుని దుప్పుల వెనక పరుగు. కంచె ఎక్కడ తెగిందో చూద్దామని పెద్దసారు తామే లోపలికి వెళ్ళారు.

తవిటయ్య లోపలికి చూశాడు. బోర్డు వైపు చూశాడు. దాని మీద మూడు దుప్పులున్నాయి, సారు లేరు. పెద్దసారుని కర్రతో తోలగలమా? ఏం చెయ్యాలి? తవిటయ్య కాపలా గది పొయ్యి దగ్గర్నుంచి బొగ్గు తెచ్చి, బోర్డు మీద దుప్పుల పక్కన పెద్దసారు బొమ్మ గీసేశాడు. కళ్ళజోడు కూడా మరిచిపోలేదు. గీశాక సారు బయటికి వచ్చేస్తే మళ్ళీ తేడాయే కదా! గేటుకు తాళం వేశాడు. హమ్మయ్య అనుకున్నాడు.

"ఎవడ్రా అది? తియ్యి!" అన్నారు పెద్దసారు. కాసేపు తిట్టారు. ఇంకాసేపు బతిమాలారు. దుప్పి ఒకటి వచ్చి చొక్కా నములుతుంటే చివరికి ఏడుపు గొంతుతో అన్నారు.

"నీ ఉద్యోగం పర్మనెంటు చేస్తానయ్యా! నీకు పుణ్యముంటుంది, తాళం తియ్యి!"

ఏడేళ్ళుగా ఎదురుచూసిన మాట! తవిటయ్యకు కళ్ళనీళ్ళు ఆగలేదు. కంచె బయట నిలబడే సారికి వంగి దండం పెట్టాడు.

"మీ రుణం తీర్సుకోనేను బాబూ. పర్మనెంటు అయిన్రోజే బోర్డు తప్పితే మీకెంత సిన్నతనం!" అని ఇంకో తాళం తెచ్చి వేశాడు. బోర్డు మీద కింది వరస గురువులు చేత చదివించుకున్నాడు. "ఆహారము: గడ్డి, ఆకులు."

"ఓలె సన్నీ, గడ్డి మోపట్టుకురా!" అని కేకేశాడు. "పెద్దమనిషి, లేతాకులే ఏరి తేవే!"