రథం మీద గీతలు

రాజుగారి కొత్త రథానికి లక్క మెరుగు పెట్టించారు. రథం తుడిచే గవరమ్మ రోజూ నీళ్లు పోసి, దుమ్ము జారిపోయాకే మెత్తటి గుడ్డతో అద్దేది. రథాధ్యక్షుడు దండిభట్టు మాత్రం వచ్చి, ఉంగరాల వేళ్లతో అటూ ఇటూ రుద్ది, "ఇంకా దుమ్ముందే!" అని కసిరి పోయేవాడు.

నెల తిరక్కుండానే మెరుగు నిండా గీతలు పడ్డాయి. "ఈ మొద్దు చేతుల పనే ప్రభూ! దేశం నుంచి వెళ్లగొట్టండి" అన్నాడు దండిభట్టు నిండు సభలో.

గవరమ్మ చేతులు కట్టుకుంది. "నాకు తుడవడం రాదు సరే దొరా. అయ్యగారు దుమ్ము చూసే తీరైనా నేర్చుకుని పోతాను. ఆ గోడనున్న తమరి నిలువుటద్దం మీద ఒక్కసారి రుద్ది చూపించమనండి."

దండిభట్టు అద్దం మీదికి చెయ్యి చాచాడు. రవ్వల ఉంగరం కంటపడేసరికి గబుక్కున వెనక దాచుకున్నాడు.

"అద్దం గీరుకుపోతుందనా?" అన్నాడు రాజు. "మరి నా రథం?"

మర్నాటి నుంచి నీళ్లు మోసింది దండిభట్టే. "ఇంకా దుమ్ముందే!" అనేది గవరమ్మ. కాకపోతే ఆవిడ కంటితోనే చూసేది.