మడమ కింద చెక్క

అక్కతో తగవులో తప్పు తనదేనని చెంగమ్మ ఇంతవరకూ పైకి అనలేదు. నాలుగేళ్లుగా కోట వాకిట్లో ఒక్కతే చెప్పులు కుట్టుకుంటూ, మాట్లాడాలనిపిస్తే చేతిలోని తోలుతోనే మాట్లాడుకునేది.

ఒకనాడు ఆస్థాన వస్తాదు వీరమల్లు ఆమెను సభకు ఈడ్పించి, ఆమె కుట్టిన చెప్పులు రాజుగారి ముందు విసిరికొట్టాడు.

"ప్రభూ! రాతిగుండు ఎత్తడానికి మెత్తటి చెప్పులు కుట్టమంటే, ఇది మడమ కింద చెక్క పెట్టింది! దీని కొట్టు పీకించండి."

"మెత్తనైతే కాలు నిలవదు దొరా."

"బరువెత్తడం నాకే నేర్పుతావా? కాలికింద ఎంత మెత్తనైతే అంత బలం!"

"అయితే తమరి మాటే కానివ్వండి. రాజుగారి పట్టుపరుపు కంటే మెత్తనిది రాజ్యంలో లేదు. దానిమీద నిలబడి గుండు ఎత్తండి. ఎత్తగలిగితే నా కొట్టు నేనే పీకేసుకుంటాను."

పరుపు తెచ్చారు. వస్తాదు గొంతుక్కూర్చుని, గుండు పట్టుకుని లేవబోయాడు. కాళ్లు కూరుకుపోయి, ఒళ్లు ఊగిపోయి, గుండు ఒకవైపు, తానొకవైపు దొర్లారు. సభంతా గొల్లున నవ్వింది. చేసేది లేక నేలమీదికి దిగి చెక్కచెప్పులే తొడుక్కున్నాడు. ఈసారి గుండు భుజం మీదికెక్కింది.

రాజు నవ్వుతూ, "ఈ కిటుకు నీకెవరు నేర్పారే?" అన్నాడు.

"మా అక్క, ప్రభూ. ఉప్పుమడుల్లో బస్తా ఎత్తేటప్పుడు మడమల కింద చెక్కముక్క పెట్టుకునేది." ఆ పిలుపు నోట పలికి ఎన్నాళ్లయిందో!

"ఏం కావాలో కోరుకో."

చెంగమ్మ చేతులు జోడించింది.

"ఉప్పుమడుల దాకా కబురు మోసే మనిషి కావాలి ప్రభూ."

"ఏమని కబురు?"

"తప్పు నాదేనని."