అడుగులు లెక్కపెట్టని వాచీ

రోజూ పొలాలన్నీ కాలినడకన చుట్టి వస్తానని ఊరిపెద్ద వీరభద్రయ్య చెప్పుకునేవాడు. ఆయన కొత్త స్మార్ట్‌వాచీ మాత్రం సాయంత్రానికి నలభై అడుగులే చూపించింది. పాపం, దానికి పెద్దలంటే గౌరవం లేదు.

“తడిగుడ్డతో తుడిచి పాడుచేశావు! రేపటికి బాగుచెయ్యి, లేదా పని మానెయ్” అని వంటమనిషి మాణిక్యం మీద విరుచుకుపడ్డాడు.

ఆమె వాచీ వెనక జిడ్డును పొడిగుడ్డతో తుడిచి, ఆపి మళ్లీ ఆన్ చేసి, నిండా ఛార్జింగ్ పెట్టింది. మర్నాడంతా తన చేతికే కట్టుకుని ఇంటిపని చేసింది. సాయంత్రానికి పదిహేను వేల అడుగులు!

వీరభద్రయ్య అవి ఎవరి అడుగులో అడగకుండానే ఆ అంకెను అరుగు మీదున్న వాళ్లందరికీ చూపించాడు. “చూశారా, తప్పు వాచీదే!” అని మాణిక్యం వైపు తిరిగి, “ఏం బాగుచేశావే?” అన్నాడు.

“వాచీకేం కాలేదు అయ్యగారూ. చెయ్యి మార్చానంతే.”

అరుగంతా గొల్లుమంది. మాణిక్యం పని పోలేదు, వాచీ మాత్రం బీరువాలోకి పోయింది.