బుర్రావారు ఈగకి ఫోటో తీసిన వైనం

గోదావరి లంకలో బుర్రావారి కుటుంబం ఒకటుండేది. అన్న బుల్లబ్బాయి, తమ్ముడు నూకరాజు, బుల్లబ్బాయి భార్య మంగాయమ్మ. "ఊళ్ళో అందరికీ బుర్ర తలలో ఉంటుంది, మనకి ఇంటిపేరులోనే ఉంది" అని ముగ్గురూ మీసం మెలేసేవాళ్ళు. మంగాయమ్మకి మీసం లేదు కాబట్టి మొగుడిది మెలేసేది.

ఆ ఏడు వాళ్ళ కాకర పందిరికి ఏదో కొత్త ఈగ పట్టింది. పసుపుపచ్చగా, కందిరీగకి తమ్ముడిలా ఉంది. అది వాలిన కాయ వాలినట్టే పురుగుపట్టి కుళ్ళిపోతోంది. ఏడాది తిండి ఆ పందిరి మీదే. నూకరాజు వ్యవసాయాఫీసరమ్మకి ఫోన్ చేశాడు.

"ఫోటో తీసి పంపండి, ఏ ఈగో చెబుతాను" అందావిడ.

పంపాడు. వెంటనే ఆవిడ ఫోన్ చేసింది. "ఇందులో ఆకు తప్ప ఈగ లేదే?"

"నేను తీసినప్పుడు ఉందండి మేడమ్ గారూ. మీ దగ్గరికొచ్చే దారిలో ఎగిరిపోయుంటుంది."

"దగ్గర్నుంచి తీయవయ్యా!" అని పెట్టేసిందావిడ.

అంతే. బుల్లబ్బాయి చొక్కా తొడుక్కుని, రేవు దాటి, బస్సెక్కి, మిట్టమధ్యాహ్నానికి ఆఫీసులో ఆవిడ కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఫోన్ తీసి కిటికీలోంచి లంక వైపు గురిపెట్టాడు.

"ఎవరయ్యా నువ్వు? ఏం చేస్తున్నావు?"

"దగ్గర్నుంచి తీయమన్నారు కదండి. ఇంతకంటే దగ్గరికొస్తే బాగోదండి, ఆయ్."

ఆవిడ తల పట్టుకుంది. "నా దగ్గర్నుంచి కాదు, ఈగ దగ్గర్నుంచి! కాస్త పెద్దది చేసి మరీ పంపండి."

బుల్లబ్బాయి ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాడు. ఇంకేముంది! మంగాయమ్మ ఒక ఈగని పట్టి గాజు గ్లాసు కింద పెట్టింది. పొద్దున సున్నుండ, సాయంత్రం నెయ్యన్నం. రోజూ తాడుతో నడుం కొలిచేది. నాలుగో రోజున ఈగ నేతిలో మునిగి చచ్చింది.

"ఒళ్ళు చేసే వేళకి పోయింది పాపం" అని ముగ్గురూ ఏడ్చారు. ఈలోగా ఇంకో గంపెడు కాయలు కుళ్ళాయి.

నూకరాజు సంగతి చెబితే ఆఫీసరమ్మ అరిచింది. "దాన్ని మేపమన్నానా? చచ్చినదాన్నే తీయండి. సైజు తెలియాలి, అగ్గిపుల్ల పెట్టి తీయండి!"

అగ్గిపుల్ల పెట్టమంటే పెట్టారు. ఈగని పందిరి గుంజ మీద పడుకోబెట్టి, బుల్లబ్బాయి పుల్ల గీశాడు. ఎండుతీగ అంటుకుంది, తాటాకు అంటుకుంది, పందిరి సగం భగ్గుమంది. మంగాయమ్మ బిందెతో పరిగెడుతుంటే నూకరాజు కేకేశాడు, "ఆగొదినా, వెలుతురు బాగుంది!"

ఫోటో మాత్రం అద్దంలా వచ్చింది.

"ఇది పండు ఈగ" అంది ఆఫీసరమ్మ. "ఎర పెట్టి డబ్బాలు కట్టండి, ఈగలన్నీ అందులో పడతాయి. మిగిలిన సగమైనా దక్కుతుంది."

జన్మలో మొదటిసారి చెప్పింది చెప్పినట్టు చేశారు. రెండ్రోజుల్లో డబ్బాలు నిండాయి. అక్కడితో ఊరుకుంటే బుర్రావారెందుకవుతారు? మంగాయమ్మ ఒక డబ్బాలోకి తొంగిచూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఏవండోయ్, ఆవిడ చూసింది పండు ఈగ. ఇవి చూడండి, ఎలా గిలగిల్లాడుతున్నాయో! ఇంకా పచ్చివి. అందుకే కాయల మీద పడుతున్నాయి. మాగబెడితే సరి."

"నిజమేనే! నాకు తట్టలేదు చూడు" అన్నాడు బుల్లబ్బాయి.

అంతే. గంపలో వరిగడ్డి పరిచి, ఈగలన్నిటినీ అందులో ఒంపి, పైన గోనె కప్పారు. మూడో నాడు మెత్తబడ్డాయేమో నొక్కి చూద్దామని నూకరాజు గోనె తీశాడు. జుయ్యిమని ఈగలన్నీ లేచి, తిన్నగా వెళ్ళి మిగిలిన సగం పందిరి మీద వాలాయి.

నూకరాజు ఖాళీ గంపలోకి చూసి సంతోషం పట్టలేక కేక పెట్టాడు. "వదినా! భలే మాగాయి! ముట్టుకోకుండానే తొడిమలు ఊడిపోయాయి!"

"అయితే చూస్తావేంరా?" అంటూ మంగాయమ్మ పరిగెత్తుకొచ్చింది. "పందిరి కింద దుప్పటి పరువు. రాలిన ఈగలకి మట్టంటుకుంటే పాడైపోవూ!"